అభయ శాసనము నుండి వీసా వరకు

విదేశమునకు పోదలచినవారి యింట నేడు తరచుగా వినబడు మాటలు రెండు: పాస్‌పోర్టు, వీసా. ఈ రెండును ఒకటే యని తలచువారు నేటికిని లేకపోలేదు. పాస్‌పోర్టు మన ప్రభుత్వము మనలను గూర్చి లోకమునకు చెప్పు సాక్ష్యము. ఇతడు మావాడు, మరల మా యింటికి రాదగినవాడు అని దాని తాత్పర్యము. వీసా యనునది పరదేశపు ప్రభుత్వము మనకిచ్చు అనుజ్ఞ. నీవు మా గడప వద్దకు రావచ్చును అని దాని తాత్పర్యము. ఆ మాటకు లాటిను భాషలో 'చూడబడినది' అని యర్థము. పత్రమును చూచితిమి, లోపము కనబడలేదు అని మాత్రమే ఆ ముద్ర చెప్పును. చూచుట వేరు, లోనికి చేర్చుకొనుట వేరు. ఈ భేదము తెలియక ఇక్కట్ల పాలైనవారు మన తీరమున పెక్కుమంది కలరు.

వీసా నిన్న మొన్నటి కల్పన యని పలువురి తలంపు. కాగితము క్రొత్తదే, అందలి ప్రశ్నలు మాత్రము ప్రాతవి. నీవెవరు? ఏ పనికి వచ్చుచున్నావు? ఎన్నాళ్లుందువు? నీకు పూచీ ఎవరు? పూర్వపు రేవులలో సుంకరులు అడిగినవి ఈ నాలుగు ప్రశ్నలే. నేటి విమానాశ్రయములలో అధికారులు అడుగుచున్నవియు ఇవియే. కృష్ణానది సముద్రమున కలియు ఈ డెల్టా ప్రజలు ఒకప్పుడు ఇతరులను ఈ ప్రశ్నలు అడిగిన గడపవారు. తరువాతి కాలమున వీనికి తామే బదులు చెప్పవలసిన బాటసారులైరి. ఈ మార్పు ఎట్లు జరిగినదో, దానివలన మనవారు నేర్చిన పాఠమేదో ఈ వ్యాసమున విచారింప దలచితిమి.

ముందుగా మన ప్రాచీనుల మాట. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను ఉద్యోగి కనబడును. ఒక మాషము పుచ్చుకొని ముద్ర నిచ్చుట అతని పని. ముద్ర గలవాడే జనపదమున ప్రవేశింపవలెను. ముద్ర గలవాడే అచ్చోటు వెడలవలెను. ముద్ర లేక తిరిగిన స్వదేశీయునకు 12 పణములు జరిమానా. దొంగముద్రతో పట్టువడిన వానికి అంతకు మించిన దండన. అట్లు పట్టువడినవాడు పరదేశి యైనచో దండన మరింత తీవ్రము. రుసుము, ముద్ర, తనిఖీ, కూటపత్రమునకు శిక్ష అను నాలుగు అంగములును అచ్చటనే కలవు. నేటి వీసా కార్యాలయమునకు ఇంతకన్న ఎక్కువ యేమున్నది?

రాజు పరదేశిని అనుమానించుట యొక పద్ధతి. ఆహ్వానించుట మరియొక పద్ధతి. రెండవదానికి గొప్ప నిదర్శనము మన చేరువలోనే ఉన్నది. చీరాలకు దక్షిణమున సముద్రపు టొడ్డున మోటుపల్లి యను గ్రామము కలదు. కాకతీయుల కాలమున అది ప్రసిద్ధమైన రేవు. క్రీ. శ. 1244 ప్రాంతమున గణపతిదేవ చక్రవర్తి అచ్చట నొక అభయ శాసనమును చెక్కించెను. ఓడ తుపానులో చిక్కి దారితప్పి తీరమున పడినచో, అందలి సరుకునంతయు రాజు కాజేయుట పూర్వాచారముగా నుండెను. గణపతిదేవుడు ఆ యాచారమును మానివేసి, సముద్ర వర్తకులు నిర్ణీతమైన సుంకము చెల్లించిన చాలునని ప్రకటించెను. సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1358 లో, కొండవీటి రెడ్డిరాజైన అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మరల అభయ మిచ్చెను.

ఈ శాసనములలో మనము గమనింప దగిన విశేషమొకటి కలదు. అభయమును రాతిపై చెక్కించుట యనగా, పరదేశి వచ్చి చదువుకొని నమ్మదగునట్లు మాట నిలుపుట. ఏమి చెల్లింపవలెనో, ఏమి చెల్లింప నక్కరలేదో వచ్చినవానికి ముందే తెలియును. అనుజ్ఞలో స్పష్టత యుండుట అతిథికి ఎంత మేలో, ఆతిథేయునకును అంత మేలు. కాని ఇంకొకటి కూడ మరువరాదు. గణపతిదేవుని మాట యుండగనే అనపోతారెడ్డి మరల చెప్పవలసి వచ్చినది. రాజు మారిన మాట మారును. మాట మారిన, దానిని నమ్ముకొని వచ్చినవాని గతియు మారును.

మోటుపల్లి తరువాత బందరు ప్రాభవమునకు వచ్చెను. గోలకొండ సుల్తానుల కాలమున బందరు కలంకారీ అద్దకపు వస్త్రములు పారసీకమునకును, తూర్పు దీవులకును పోయెడివి. ఆ దినములలో సముద్రము మీద మరియొక విధమైన పత్రము పుట్టెను. పోర్చుగీసువారు తమ ఫిరంగుల బలమున ఆసియా ఖండపు ఓడల కెల్ల 'కార్తాజ్' అను చీటీని తప్పనిసరి చేసిరి. ఓడ యెంత పెద్దది, దానికి నాయకుడెవరు, ఏ రేవునకు పోవుచున్నది, ఆయుధము లెన్ని యున్నవి అను వివరము లందు వ్రాయబడెడివి. చీటీ లేని ఓడను పట్టుకొని సరుకు లాగుకొనెడివారు. గోలకొండ సుల్తానుల ఓడలు మక్కా యాత్రకు పోవునపుడు సైతము ఈ చీటీల బాధ తప్పినది కాదు. తమ నేలపై ఇతరులకు అనుజ్ఞ లిచ్చు ప్రభువులు, నీటి మీద ఇతరుల అనుజ్ఞ పుచ్చుకొనవలసి వచ్చెను. అనుజ్ఞ నిచ్చు హక్కు న్యాయముతో కాక బలముతో పుట్టిన సందర్భమిది.

1611 లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబు' ఓడ బందరు చేరెను. అంతకు ముందు వారు పులికాటున దిగజూడగా, అచ్చట ముందే అనుజ్ఞ పొందియున్న డచ్చివారు అడ్డుపడిరి. బందరులో వారు గోలకొండ అధికారుల వలన కౌలు పుచ్చుకొని వర్తకము సాగించిరి. సుంకము ఎంత యను విషయమున త్వరలోనే తగవులు బయలుదేరెను. 1632–34 సంవత్సరముల నడుమ అబ్దుల్లా కుతుబ్ షా వారికి ఫర్మానా లిచ్చెను. ఏటేట 500 వరహాలు చెల్లించి గోలకొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకము చేసికొనవచ్చునని వాని సారము. దీనికే సువర్ణ ఫర్మానా యని పేరు. నాలుగు ప్రశ్నలకును అందు జవాబులు కలవు: వచ్చినవారు ఇంగ్లీషు వర్తకులు, పని వర్తకము, పూచీ కంపెనీ. 'ఎన్నాళ్లు' అను ప్రశ్నను మాత్రమెవరును గట్టిగా అడిగినట్లు తోచదు. 1759 లో ఆ కంపెనీ పక్షమున కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుండి బందరు కోటను పట్టుకొనెను. 1766 నాటి సంధిలో నిజాము ఉత్తర సర్కారులను కంపెనీకి వదలుకొనుట కొడంబడెను. వర్తకమునకని వచ్చినవాడు ఏలికయై కూర్చుండెను. ఏ పనికి వచ్చితివి, ఎప్పుడు తిరిగి పోయెదవు అని నేటి రాజ్యములు గ్రుచ్చి గ్రుచ్చి యడుగుట చూచి మనము నొచ్చుకొందుము. ఆ ప్రశ్నలను అడుగకపోయిన నేమగునో లోకమునకు చూపిన తీరము మనదే.

దేశము లోపల తిరుగుటకు సైతము ఆ కాలమున చీటీలు కావలసి యుండెను. వానికి 'రహదారి చీటి' యని పేరు. పారసీకమున 'రాహ్' అనగా త్రోవ. నేడు మనము రహదారి యన్నచో పెద్ద బాట యనియే గ్రహింతుము. నాడు ఆ మాట త్రోవను కాచి పుచ్చుకొను సుంకమునకును, పొమ్మని యిచ్చు పత్రమునకును చెల్లెడిది. పత్రము లేనివానికి త్రోవయే లేదు. అందుచేతనే కాబోలు, రెంటికిని ఒకే మాట సరిపోయినది.

ఇక మన ప్రజలు బయలుదేరిన కథ. దేశము కంపెనీ చేతి నుండి రాణీగారి యేలుబడిలోనికి వచ్చిన కొలది సంవత్సరములకే, 1860 నవంబరు 16 న, మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. చెరకుతోటలలో పనిచేయుటకు ఒడంబడికపై పోయిన ఆ కూలీలలో తెలుగువారును కలరు. వారిలో ప్రతి యొకనికిని ఒక సంఖ్య నిచ్చి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, దేహముపై గుర్తులు పట్టికలో వ్రాసిరి. చదువురాని మనిషిని గూర్చి అంత వివరముగా వ్రాసిన కాగితము అంతకు ముందు పుట్టి యుండదు. ఆ కాగితము అతని రక్షణకే యని చట్టము చెప్పెను. అయిదేండ్లు కట్టుబడి యుండవలెనని అదే కాగితము అతనిని కట్టివేసెను. తనను గూర్చి వ్రాసినది తాను చదువలేకపోవుటయే అతని దౌర్భాగ్యము. ఈ ఒడంబడిక కూలీ పద్ధతి 1917 లో ఆగిపోయెను. 1922 లో వచ్చిన వలసల చట్టము, ప్రభుత్వము ప్రకటించిన దేశములకు, ప్రకటించిన షరతులపై తప్ప మోటుపనివారిని పంపరాదని శాసించెను.

కాని తెలుగువారికి పరదేశ మనగా చిరకాలము ఆఫ్రికా కాదు, అమెరికా కాదు; బర్మా. రంగము, అనగా రంగూను, పేరు వినని పల్లె తీరాంధ్రమున అరుదు. బెజవాడ వద్ద 1852–55 నడుమ ఆనకట్ట కట్టబడిన పిదప కృష్ణా డెల్టా వరి పండించు సీమ యైనది. ఇంచుమించు ఆ కాలముననే ఐరావతీ నది డెల్టాలో కూడ అడవులు నరికి వరి మళ్లు వేయసాగిరి. అచ్చట భూమి మిక్కుటము, చేతులు తక్కువ. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల నుండి వేలకొలదిగను, కృష్ణా జిల్లా నుండి కొంత తక్కువగను జనులు స్టీమరు ఎక్కి పోయిరి. వారిని అచ్చటివారు కోరంగి రేవు పేరున 'కొరింగీలు' అని పిలిచెడివారు. బియ్యపు మిల్లులలో, రేవులో బరువులు మోయుటలో, రిక్షాలు లాగుటలో, వీథులు శుభ్రము చేయుటలో తెలుగువారి చేతులు లేని పని లేదు. 1931 జనాభా లెక్కల ప్రకారము బర్మాలోని భారతీయులు పది లక్షలకు పైబడి యుండిరి. నాలుగు లక్షల జనాభా గల రంగూను నగరములో సగమునకు మించినవారు భారతీయులే.

వీరికి పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. బర్మా నాడు ఇండియా సామ్రాజ్యములో నొక రాష్ట్రము. కాకినాడలోనో, విశాఖలోనో టిక్కెట్టు కొని డెక్కుపై చాప పరచుకొనుటయే కావలసిన తతంగము. బెజవాడ నుండి మద్రాసునకు పోవుటకును, రంగమునకు పోవుటకును పత్రముల దృష్టిలో భేదము లేదు. నాలుగు ప్రశ్నలలో నొకటియు అడుగువారు లేరు. అడుగువారు లేనందున, జవాబును కాగితముపై నుంచుకొనవలెనను తలపును వీరికి కలుగలేదు. ఇరువది యేండ్లు ఒకే మిల్లులో పనిచేసినవాడు తన యిరువది యేండ్లను నిరూపింపగల చీటీ యొకటియు దాచుకొనలేదు.

గడపవారు మాత్రము ఆ ప్రశ్నలను మనస్సులో అడుగుచునే యుండిరి. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేయగా, ఓడల యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగిరాగా బర్మీయులను పొమ్మనిరి. దానితో దారుణమైన కల్లోలము చెలరేగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇరుపక్షములవారును కూటికి పేదలే, లాభపడినవారు వేరొకరు. 1937 ఏప్రిల్ 1 న బర్మా ఇండియా నుండి వేరుపడెను. ఒక్క రాత్రిలో బంగాళాఖాతము ఆవలియొడ్డు పరదేశమైనది. రాకపోకలను కొంతకాలము యథాతథముగా సాగనిత్తుమని నాడు ఒడంబడిక యుండుటచే, సామాన్యునకు ఆ మార్పు వెంటనే తెలియలేదు. 1938 లో మరల అల్లరులు జరిగెను. భారతీయుల వలసను గూర్చి విచారించుటకు బాక్‌స్టరు అను అధికారిని నియమించిరి.

ఫలితముగా 1941 జూలైలో ఇండియా-బర్మా వలస ఒప్పందము ప్రకటింపబడెను. వీసాను అర్థము చేసికొనదలచినవారు ఈ యొప్పందమును తప్పక తెలిసికొనవలెను. ఇకమీదట బర్మాలో దిగువానికి పాస్‌పోర్టుతో పాటు అనుజ్ఞాపత్రమును ఉండవలె ననిరి. పర్మిట్లను 'ఏ', 'బి' అని రెండు తరగతులు చేసిరి. 'ఏ' పర్మిట్టు గలవాడు గడువు లేక నివసింపవచ్చును. 'బి' పర్మిట్టు పని కొరకు, కొంత గడువునకు. దానిని పొడిగించుకొనవచ్చును గాని పొడిగింపునకును హద్దు కలదు. చూచి పోవువారికి వేరు వీసా. రుసుములు వేరు వేరు. ఇదివరకే నివసించుచున్న వారిలోను, ఇన్ని సంవత్సరములుగా నుంటిమని చూపగలవారికి ఒక హోదా, చూపలేనివారికి మరియొకటి. మహాత్మా గాంధీ ఈ యొప్పందమును తీవ్రముగా విమర్శించెను. ఇంతకాలము ఆ దేశపు సంపదను పెంచినవారిని ఒక్కసారిగా పరాయివారిని చేయుట అన్యాయమని మనదేశమున పెక్కుమంది వాదించిరి. వాదము న్యాయమైనదే. కాని బర్మీయుని దృష్టిలో, తన రాజధానిలో తానే అల్పసంఖ్యాకుడగుట అంతకన్న పెద్ద అన్యాయము. గడపకు లోపల నున్నవాని భయమును, వెలుపల నున్నవాని యాకలిని ఒకే కాగితముపై తూచుట ఎంత కష్టమో ఈ యొప్పందము తెలుపుచున్నది.

ఒప్పందము అమలు కాకమునుపే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23 న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. తరువాతి నెలలలో లక్షలకొలది భారతీయులు ఇండియా దారి పట్టిరి. ఓడలలో చోటు దొరికినవారు కొందరు. మిగిలినవారు అరకాను కొండల మీదుగను, మణిపురపు త్రోవను నడచి వచ్చిరి. ఆకలిచేతను, కలరాచేతను, మలేరియాచేతను దారిలో వేలకొలది మరణించిరి. ప్రాణము దక్కించుకొని వచ్చినవారు పత్రములను దక్కించుకొనుట యెట్లు? యుద్ధము ముగిసిన పిదప తిరిగిపోదలచిన వారిని, నీవు పూర్వము ఇచ్చట నుంటివనుటకు నిదర్శనమేమని యడిగిరి. 1947 లో బర్మా ప్రభుత్వము వలసల అత్యవసర చట్టమును చేసి, పర్మిట్టు గాని వీసా గల పాస్‌పోర్టు గాని లేనివానికి ప్రవేశము నిషేధించెను. 1948 జనవరి 4 న బర్మా స్వతంత్రమైనది. పౌరసత్వ చట్టము వచ్చెను. విదేశీయులు తమ పేర్లు నమోదు చేయించుకొనవలె ననిరి. ఏ దేశపు పౌరుడవో నిర్ణయించుకొమ్మని యడుగగా, పెక్కుమంది కూలీలకు ఆ ప్రశ్నయే అర్థము కాలేదు. 1962 లో సైనిక ప్రభుత్వము వచ్చెను. దుకాణములు జాతీయము చేయబడెను. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవనిరి. భారత ప్రభుత్వము ఓడలను పంపి తనవారిని రప్పించుకొనవలసి వచ్చెను. వెంట తెచ్చుకొనుటకు వారికి అనుమతింపబడినది మిక్కిలి స్వల్పము. విశాఖపట్టణములో 'బర్మా క్యాంపు' అను పేరు నేటికిని ఆ కథను చెప్పుచున్నది.

మన వలస చరిత్రలో ఇంతకు మించిన గుణపాఠము లేదు. పోవునాడు ఎవరును అడుగలేదు గనుక ఎన్నడును అడుగరని మనవారు నమ్మిరి. రాజ్యములు మారిననాడు, నివసించిన సంవత్సరములు లెక్కకు రాలేదు. నివసించితిమని చెప్పు కాగితములు మాత్రమే లెక్కకు వచ్చెను.

ఇదే కాలమున తక్కిన ప్రపంచము కూడ పత్రముల ప్రపంచమై పోయెను. మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వము చాల దేశములకు పాస్‌పోర్టు లేకయే పోగలిగెడివారు. యుద్ధములో గూఢచారుల భయము చేత పెట్టిన కట్టుదిట్టములు శాంతికాలమునను నిలిచిపోయెను. 1920 అక్టోబరులో నానాజాతి సమితి పారిసులో సమావేశము జరిపి పాస్‌పోర్టు పుస్తకమునకు ఒక సామాన్య రూపమును సూచించెను. అదే సంవత్సరము ఇండియాలోను, దేశములో ప్రవేశించువారికి పాస్‌పోర్టు కావలెనను చట్టము వచ్చెను. ఆ చట్టము శతాబ్దమునకు పైగా నిలిచి, 2025 లో క్రొత్త చట్టము రాగా రద్దయినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములు 1917, 1924 సంవత్సరముల చట్టములతో భారతీయులు అచ్చట స్థిరపడుటకు తలుపులు మూసెను. విద్యార్థికి మాత్రము సందు కలదు. భీమవరమున 1895 లో జన్మించిన వైద్య శాస్త్రవేత్త యెల్లాప్రగడ సుబ్బారావు ఆ కాలముననే బోస్టను చేరి హార్వర్డులో చదివెను. ఆయన పరిశోధనల ఫలము లోకమెల్ల ననుభవించెను. అయినను ఆ దేశపు చట్టము దృష్టిలో ఆయన చిరకాలము పరదేశియే. 1946 లో భారతీయులకు ఏటికి 100 మంది చొప్పున ప్రవేశమును, పౌరసత్వపు అర్హతను ఇచ్చిరి. సుబ్బారావు ఆ పౌరసత్వమును పొందకయే 1948 లో కన్నుమూసెను. 1965 నాటి చట్టము దేశమునుబట్టి వాటాలు వేయు పద్ధతిని తీసివేసి, బంధుత్వమునకును విద్యకును పెద్దపీట వేసెను. కృష్ణా, గుంటూరు జిల్లాల వైద్యులకును, ఇంజనీర్లకును ఆ దారి తెరువబడెను. మొదటి తరము స్టీమరు డెక్కుపై పోయెను. ఈ తరము పట్టాలు చేతబట్టి విమానములో పోయెను.

మన దేశమున పాస్‌పోర్టు పొందుట హక్కా, ప్రభుత్వపు దయయా యను ప్రశ్న 1967 లో తేలెను. సత్వంత్ సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, విదేశయానము చేయు హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే పాస్‌పోర్టుల చట్టము వచ్చెను. 1978 లో మేనకా గాంధీ వ్యాజ్యమున ఆ హక్కు మరింత గట్టిపడెను. కాని ఈ హక్కు మన గడప దాటుటకే గాని పరుల గడపలో అడుగిడుటకు కాదు. పాస్‌పోర్టు నిరాకరించినచో కారణమడిగి న్యాయస్థానమున కెక్కవచ్చును. వీసా నిరాకరించినచో మన న్యాయస్థానములు చేయగలిగినది లేదు.

నేడు విజయవాడలోనే ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయము కలదు. అమెరికా వీసాకై పూర్వము మద్రాసు పోవలసి యుండగా, 2008 లో హైదరాబాదున కాన్సులేటు నెలకొనెను. చిలుకూరి బాలాజీకి 'వీసా బాలాజీ' యని పేరు వచ్చినదన్న, ఈ కాగితము మన కుటుంబముల మనస్సులను ఎంతగా ఆక్రమించినదో గ్రహింపవచ్చును. దేవునికి మ్రొక్కుట మంచిదే. కాగితమును చదువుట అంతకన్న అవసరము. ప్రాత ప్రశ్నలు నాలుగింటిని ముందుంచుకొని చూచినచో దానిని చదువుట తేలిక.

'ఏ పనికి' అను ప్రశ్నకు వీసా తరగతియే జవాబు. చూచి వచ్చుటకు ఇచ్చిన వీసాపై కొలువు చేయరాదు. చదువుటకు ఇచ్చిన వీసాపై అనుమతి లేని పని చేయరాదు. గల్ఫు దేశములకు సందర్శకుల వీసాపై పంపి, అచ్చట పనిలో పెట్టింతుమని చెప్పు దళారి మాట నమ్మి గోదావరి, కడప జిల్లాల స్త్రీ పురుషులు చిక్కులలో పడుట వింటిమి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలగు 18 దేశములకు కొలువునకై పోవునపుడు వలసదారుల సంరక్షకుని అనుమతి పొందవలెనను నియమము, 1983 నాటి వలసల చట్టమును అనుసరించి ఏర్పడినది. అడ్డు తొలగించుకొనవలెనని సందర్శకుల వీసాపై పోవువారు, ఆ రక్షణనే తొలగించుకొనుచున్నారు.

'ఎన్నాళ్లు' అను ప్రశ్నకు జవాబు ముద్రపై నున్న తేది యని పలువురి భ్రమ. అమెరికా విషయమున ఆ తేది, అంతలోపల గడప వద్దకు రావచ్చునని మాత్రమే తెలుపును. లోపల ఎన్నాళ్లుండవచ్చునో దిగిన చోట అధికారి నిర్ణయించును. అది ఐ-94 అను పట్టికలో నుండును. కొలువునకు ఇచ్చు హెచ్-1బి వీసా మొదట మూడేండ్లకు, సాధారణముగా మొత్తము ఆరేండ్లకు మించదు. 1941 నాటి 'బి' పర్మిట్టు పోలిక ఇందు కనబడుట లేదా? ఇక విద్యార్థి మొదలగువారి విషయమున ఆ దేశపు చట్టము, ప్రతి అభ్యర్థియు స్థిరపడుటకే వచ్చుచున్నాడని ముందుగా ఊహించి, కాదని నిరూపించు భారమును అభ్యర్థిపైననే యుంచును. కావున తిరస్కారము పొందినవాడు తనను అవమానించిరని కుందనక్కరలేదు. ఊహను తొలగింపలేక పోతినని గ్రహించిన చాలును.

'పూచీ ఎవరు' అను ప్రశ్న అన్నిటికన్న కఠినము. గల్ఫులో పనివానికి యజమానియే పూచీదారు. అతనిని విడిచి పోయినవాడు చట్టమునకు వెలియగును. అట్టివారు దండన లేక ఇల్లు చేరుటకు కువైటు 2018 లో క్షమాభిక్ష గడువు ప్రకటించెను. విద్యార్థికి పూచీ అతని విద్యాలయము. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము బూటకమని తేలి మూతపడగా, అచ్చట చేరిన వందలాది విద్యార్థులు దిక్కులేనివారైరి. వారిలో ఆంధ్రదేశపు పిల్లలు మిక్కిలిగా నుండిరి. కొందరి కాళ్లకు జాడ తెలుపు పరికరములు తగిలించిరి. 2019 లో మిచిగనులోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయము అధికారులే పన్నిన వల యని బయటపడి, నూరుమందికి పైగా విద్యార్థులు పట్టువడిరి. వారిలోను తెలుగువారు కలరు. పూచీ కూలినపుడు వీసా నిలువదు.

'నీవెవరు' అను మొదటి ప్రశ్న చిన్నదిగా తోచును. కాని ఇంటిపేరు ఒక పత్రమున ముందు, మరియొక పత్రమున వెనుక. పుట్టిన తేది బడిలో నొకటి, పంచాయతీలో నొకటి. ఇవి మన పల్లెలలో సామాన్యములు. ట్రూరో ఓడ పట్టికలో కూలీని గూర్చి ఇతరులు వ్రాసిరి. నేడు మనలను గూర్చి మనమే వ్రాసికొనగల స్థితి వచ్చినది. ఆ స్థితిని వినియోగించుకొనక పోవుట తగదు.

నేపాళ, భూటాను దేశములకు మనము వీసా లేకయే పోవుచున్నాము. మన దేశమునకు వచ్చు తక్కిన విదేశీయులలో అత్యధికులను మన ప్రభుత్వమును ఈ నాలుగు ప్రశ్నలే యడుగుచున్నది. అడుగుట రాజ్యమునకు సహజము. బదులు సిద్ధముగా నుంచుకొనుట యాత్రికునకు విధి. యింటిలో ఎవరైనను విదేశమునకు బయలుదేరుచున్నచో, ఈ నాలుగింటికి జవాబులు కాగితముపై నున్నవో లేవో పెట్టె సర్దక మునుపే కూర్చుండి చూచుకొనవలెను. ఆ కాగితముల నకళ్లు ఇంటియొద్దను ఒకటి యుంచవలెను. రంగము పోయినవారికి ఆ మాట చెప్పువారు లేకపోయిరి.